యజ్ఞనారాయణ గారి పండ్లపొడి

ప్రొద్దుటూరులో ఆ సందు వాళ్లకు తెల్లవారిందని చెప్పడానికి కోడి అక్కరలేదు. యజ్ఞనారాయణ పెరట్లోకి వచ్చి గొంతు సవరించుకుంటే చాలు. బట్టలుతికే బండ పక్కన ఆయన నీళ్లచెంబుతో నిలబడేవాడు. ఎదురుగా భార్య సుబ్బలక్ష్మి, ఆ పక్కన కూతురు శాంతకుమారి. ముందురోజు సాయంత్రం బస్సు దిగిన చుట్టాలెవరైనా ఉంటే వాళ్లూ ఆ వరసలోనే. కొబ్బరిచిప్పలోంచి ఒక్కొక్కరి అరచేతిలో చిటికెడు పొడి పడేది. తోమడం అయ్యాక ఆయన ఒక్కొక్కరి ముఖాన్ని వెలుతురు వైపు తిప్పి, "ఏదీ, ఈ అను" అనేవాడు. పండ్లు బాగుంటే తల ఊపేవాడు. బాగా లేకుంటే ఇంకో చిటికెడు. తాలూకా కచ్చేరిలో ఆయన గుమాస్తా. అక్కడ ఆయన పిలిస్తే బంట్రోతు కూడా తొందరపడి లేచేవాడు కాదు. పెరట్లో మాత్రం ఆయన కలెక్టరు.

ఇప్పుడు ఆ గొంతు లేదు, ఆ వరసా లేదు. శాంత తనపాటికి తాను ముఖం కడుక్కొని లోపలికి పోతుంది. సుబ్బలక్ష్మి నోరు పుక్కిలించి, చెంబు పట్టుకొని, అలవాటు కొద్దీ వెలుతురు వైపు తిరిగి నిలబడుతుంది. కాసేపు చూస్తుంది. ఎవరూ ఏమీ అనరు. అవును గదా అనుకొని ఆమె కూడా పొయ్యి దగ్గరికి పోతుంది.

ఆయనకు పండ్ల మీద అంత పట్టింపు ఊరికే రాలేదు. జమ్మలమడుగులో ఆయన తండ్రి పురోహితుడు. పెండ్లిళ్లకూ వ్రతాలకూ పోయి తెచ్చిన బెల్లమూ లడ్లూ ఇంట్లో ఎప్పుడూ ఉండేవి. ఆ మహానుభావుడికి దవడపన్ను పుచ్చింది. చెంప వాచింది. మంత్రం చెప్పడానికి నోరు తెరుచుకోలేదు. పసుపు పట్టు ఒకరు వేశారు, జిల్లేడు పాలు ఒకరు పెట్టారు, జ్వరం తలకెక్కి ఆయన పోయాడు. అప్పటికి యజ్ఞనారాయణకు మీసం రాలేదు. పాము కరిచి పోయినవాళ్ల సంగతి నలుగురిలో చెప్పుకోవచ్చు. కలరాతో పోయినవాళ్ల సంగతీ చెప్పుకోవచ్చు. నాయన పన్నునొప్పితో పోయాడని చెప్పుకోవడం ఆయనకు నామోషీగా ఉండేది. అందుకని ఎవరికీ చెప్పలేదు. పెండ్లయిన కొత్తలో ఒక్క సుబ్బలక్ష్మికి చెప్పాడు, అదీ ఆమె పండ్లు చూశాక.

పెండ్లిచూపుల్లో ఆమె నోరు తెరవలేదు. పిల్ల అణకువ గలది అనుకొని మగపెండ్లివాళ్లు సంతోషపడ్డారు. పులివెందుల అవతల ఒక పల్లె ఆమెది. ఆ ఊర్లో ఎవరి ముందుపండ్లు చూసినా గోధుమరంగు గీతలే, అక్కడక్కడా మట్టి మెత్తినట్టు మచ్చలే. ఊరందరికీ ఉన్నదాన్ని లోపమని ఎవరనుకుంటారు? సుబ్బలక్ష్మి కూడా అనుకోలేదు. తలంబ్రాలప్పుడు ఒక గింజ పోయి పెండ్లికొడుకు ముక్కులో దూరింది. ఆయన తుమ్మాడు, ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి యజ్ఞనారాయణకు రెండో తుమ్ము రాలేదు.

ఆయన మంచివాడు. కోప్పడలేదు. కాపురానికి వచ్చాక మెల్లిగా అడిగాడు.

"మీ ఇంట్లో పండ్లు తోముకునేది నేర్పలేదా?"

"మా ఊర్లో అందరికీ ఇంతేనండీ."

ఆయన కాసేపు ఆలోచించాడు. "అట్లయితే మీ ఊర్లో ఎవురూ తోమరన్నమాట."

సుబ్బలక్ష్మి ఊరుకోలేదు. తమ ఊర్లో అందరూ కానుగపుల్లో వేపపుల్లో వేసుకుంటారని, తన అవ్వ ముసలితనంలో కూడా పోకచెక్క పండ్లతోనే కొరికేదని చెప్పి చూసింది. గట్టిగా ఉండడం వేరు, శుభ్రంగా ఉండడం వేరని ఆయన తేల్చేశాడు. తండ్రి సంగతి చెప్పింది అప్పుడే. చెప్పేటప్పుడు ఆయన తన చెంప తడుముకున్నాడు. ఇంక ఎదురు చెప్పడానికి ఆమెకు మనసు రాలేదు.

అలా పొడి తయారీ మొదలైంది. పిడకల కచ్చిక, ఉప్పు, పొంగించిన పటిక, లవంగాలు ఎవరైనా వేసేవే. యజ్ఞనారాయణ సొంతంగా కనిపెట్టింది ఇంకొకటి ఉంది. ఒకరోజు సుబ్బలక్ష్మి చిలుమెక్కిన ఇత్తడి బిందెను చింతపండూ ఇటుకపొడీ వేసి తోముతోంది. బిందె బంగారంలా మెరిసింది. ఆయన గడపలో నిలబడి అంతా చూశాడు.

"ఇత్తడికి పట్టిన చిలుమే పోతాండాదే, పంటికి పట్టిన గార పోదా?" అన్నాడు.

బాగా కాలిన ఇటుక ఒకటి ఏరి తెచ్చాడు. తేవడం వరకే ఆయన పని. దంచడం, నూరడం, పాత పంచెగుడ్డలో జల్లించడం సుబ్బలక్ష్మి పని. శనివారం శనివారం నూరేది. ఆదివారం ఆయన చేతి అద్దం తెచ్చి ఆమె ముందు పెట్టేవాడు. కొంచెం తెల్లగా తేలినాయి చూడు, అనేవాడు. ఆమెకు చిగుళ్లు ఎర్రబడింది తప్ప ఏమీ తేలినట్టు కనపడేది కాదు. అవునండీ అనేది. నవ్వు వస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం ఆ రోజుల్లోనే అలవాటైంది. అంతకు ముందు ఆమెకు ఆ అలవాటు లేదు.

భార్యకు దారి చూపాలని ఆయన కూడా అదే పొడితో, ఆమె కంటే గట్టిగా తోముకునేవాడు. మొదట్లో ఆయన పండ్లు నిజంగానే ధగధగలాడేవి. వీధిలో పేరొచ్చింది. పక్కిల్లు బట్టల కొట్టు రామకృష్ణయ్యది. ఆయన భార్య వనజమ్మ గిన్నె తెచ్చి పంతులుగారి పొడి కావాలని అడిగేది. ఆమె చూసి ఇంకొకరు. అడిగినవాళ్లందరికీ యజ్ఞనారాయణ ఊరికే ఇచ్చేవాడు. తిన్నాక నోరు పుక్కిలించమని, పిల్లలకు పడుకునే ముందు బెల్లం పెట్టొద్దని దాంతోపాటు నాలుగు మాటలు కూడా ఇచ్చేవాడు. ఆ మాటల్లో తప్పేమీ లేదు. తప్పంతా గిన్నెలో ఉండేది.

శాంత పుట్టాక సుబ్బలక్ష్మికి విషజ్వరం తగిలింది. తేరుకున్నా చాలాకాలం మనిషి నిలదొక్కుకోలేదు. పిల్ల పులివెందుల పల్లెలోనే అమ్మమ్మ దగ్గర పెరిగింది. కర్నూలులో రాజధాని పెట్టిన ఏడు, బడిలో వెయ్యాలని తండ్రి పోయి పిలుచుకొచ్చాడు. రాగానే ఈ అనమన్నాడు. పాలపండ్లు అన్నం మెతుకుల్లా తెల్లగా ఉన్నాయి. మీ ఊరి అలవాటు దీనికి అంటలేదని భార్యతో అన్నాడు. ఆ సంతోషంలో మరునాటి నుంచే పిల్లను కూడా వరసలో నిలబెట్టాడు.

పాలపండ్లు ఒకటొకటిగా ఊడాయి. ఊడినదాన్ని పేడముద్దలో పెట్టి ఇంటిమీదికి విసిరారు. కొత్త పండ్లు వచ్చాయి. ఒక్క పూటా తప్పకుండా, తన కళ్లెదుట, తన పొడితో తోమిన నోట్లోంచి, గోధుమరంగు గీతలతో వచ్చాయి. ఇంకొకరైతే అక్కడ ఆగి ఆలోచించేవాళ్లు. యజ్ఞనారాయణ కూడా ఆలోచించాడు. పొడి చాలలేదని తేల్చుకున్నాడు.

ఆ మరునాటి నుంచి శాంత పండ్లు ఆయనే తోమడం మొదలుపెట్టాడు. ఎడమచేత్తో గడ్డం పట్టుకొని కుడిచేతి వేలితో రుద్దేవాడు. పిల్ల ఉమ్మితే నీళ్లు ఎర్రగా పోయేవి. గార పోయేటప్పుడు కొంచెం అట్లే ఉంటుందనేవాడు. శాంతకు మంచి గొంతు ఉంది. బడి వార్షికోత్సవానికి ప్రార్థన పాడమని పంతులమ్మ ముందు వరసలో నిలబెట్టింది. శాంత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని పాడింది. చెయ్యి తియ్యమంటే పాట ఆపేసింది. ఆ పాట వేరే పిల్లకు పోయింది. శాంత ఇంటికొచ్చి ఏడవలేదు. అన్నం తింటూ, మామూలుగా, "అమ్మా, నా పండ్లన్నీ ఊడిపోతే బాగుంటాదిమే" అంది.

సుబ్బలక్ష్మి చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. తన నోటికి కొంగు అడ్డం వచ్చినప్పుడు ఆమె ఏమీ అనుకోలేదు. ఆడదాని నవ్వు ఎవరికి కావాలిలే అనుకుంది. కూతురి నోటికి చెయ్యి అడ్డం రావడం మాత్రం ఆమె చూడలేకపోయింది. ఎలాగైనా ఆ చెయ్యి దిగాలి. అదొక్కటే ఆమెకు కావాల్సింది.

ఆయనతో వాదించడం ఆమెకు రాదు. నూరడం వచ్చు. ఆ శనివారం పొడి రెండు రకాలుగా నూరింది. ఒకదాంట్లో ఇటుక వేసింది. ఇంకోదాంట్లో వెయ్యకుండా, రంగు కలవడానికి కాసిని లవంగాలు ఎక్కువ వేసి, మెత్తగా రెండుసార్లు జల్లించి శాంతకని వేరే చిప్పలో పోసింది. చిగుళ్లు మానాయి. ఉమ్మిన నీళ్లలో ఎరుపు పోయింది. ఆదివారం యజ్ఞనారాయణ అద్దం పట్టుకొని చాలాసేపు చూశాడు.

"చూస్తివా? ఇప్పుడు పనిచేస్తాండాది ఇటుక" అన్నాడు.

సుబ్బలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈసారి పండ్లు దాచుకోవడానికి కాదు. అయినా శాంత చెయ్యి దిగలేదు. పొడి మారితే నొప్పి పోయింది గాని, తనవి మురికి పండ్లన్న మాట ఆ పిల్ల మనసులోంచి పోలేదు.

ఇంతలో ఆయన పండ్లకే చేటొచ్చింది. చల్లనీళ్లు తగిలితే జివ్వుమనేది. మజ్జిగ గోరువెచ్చగా చెయ్యమనేవాడు. మజ్జిగను ఎవరైనా వెచ్చబెడతారా అని ఆమె అడగలేదు. ధగధగలాడిన పండ్లు అరిగి, పసుపు తిరిగి, ఒకటి పుచ్చింది. ఎవరికీ తెలియకుండా నెత్తిన తువ్వాలు కప్పుకొని సంతకు పోయి, చాప పరుచుకొని పండ్లు పీకే ఖలందర్ ముందు కూర్చున్నాడు. ఖలందర్ పెద్దమనిషి, ఎవరికీ చెప్పలేదు. సంత నడుమ నోరు తెరుచుకొని కూర్చున్న మనిషి గురించి వేరే ఎవరు చెప్పాలి? సాయంత్రానికి వనజమ్మ గోడ మీదుగా తల పెట్టింది.

"ఏమక్కా, మీ ఆయన ఖలందర్ ముందర కూర్చోనుండాడంట. పొడి ఇచ్చేదానికి పోయినాడా ఏంది?"

"అవునమ్మా, పొడికే" అంది సుబ్బలక్ష్మి.

కొన్నాళ్లకు ఇంకో దవడపన్ను సలిపి చెంప వాచింది. పొద్దునకు నోరు తెరుచుకోలేదు. యజ్ఞనారాయణ అద్దం ముందు నిలబడ్డాడు. అద్దంలో ఆయనకు వాళ్ల నాయన కనపడి ఉంటాడు. బల్ల మీద కూర్చుండిపోయాడు. పసుపు పట్టు వెయ్యమని సైగ చేశాడు. సుబ్బలక్ష్మి వెయ్యలేదు. పెండ్లయినాక ఆయన చెప్పిన పని ఆయన ఎదుటే చెయ్యకపోవడం అదే మొదలు. జమ్మలమడుగులో దొరల ఆసుపత్రి ఉంది గదా, పోదాం లెయ్యండి అంది. శాంతను కూడా బయలుదేరమంది. బయలుదేరే ముందు గూట్లోంచి ఇటుక కలిసిన పొడి చిటికెడు తీసి కొంగున ముడివేసుకుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కోస్తావైపు మనిషి. చీము తీసింది, పన్ను తీసింది, ఆ చోట దూది కుక్కింది. ఇంకో రెండు రోజులు ఆలస్యం చేసి ఉంటే ప్రాణం మీదికి వచ్చేదంది. ఊరికి పోయేదాకా నోరు తెరవకూడదు, మాట్లాడకూడదు అని గట్టిగా చెప్పింది. యజ్ఞనారాయణ తల ఊపాడు. అప్పుడు సుబ్బలక్ష్మి కూతుర్ని ముందుకు నెట్టింది.

శాంత నోటికి అడ్డం పెట్టుకున్న చేతిని డాక్టరమ్మే మెల్లిగా తీసింది. ఇనుపపుల్లతో ఒక్కొక్క పన్నూ తట్టి చూసింది.

"ఈ పాప చిన్నప్పుడు ఏ ఊరి నీళ్లు తాగిందమ్మా?"

సుబ్బలక్ష్మి ఊరి పేరు చెప్పింది. తన కొంగు కూడా తీసి తన పండ్లు చూపించింది. పరాయి మనిషి ముందు అలా నోరు తెరవడం ఆమెకు కొత్త.

"ఇది మురికి కాదు. బావినీళ్ల గుణం. పండ్లు చిగుళ్లలోపల తయారయ్యేటప్పుడే పట్టేసింది. ఎంత తోమినా పోదు, తోమక్కర్లేదు కూడా. మీ ఇద్దరికీ ఒక్క పన్ను కూడా పుచ్చలేదు, తెలుసా?" అంది డాక్టరమ్మ. అయితే పసిపిల్లలకు ఆ నీళ్లు మంచివి కావని, ఎక్కువైతే ఎముకలకూ చేటని చెప్పింది.

సుబ్బలక్ష్మి కొంగుముడి విప్పింది. డాక్టరమ్మ ఆ పొడిని గాజుపలక మీద వేసి వేలితో నాలుగుసార్లు రుద్దింది. పలక కడిగి కిటికీ వెలుతురులో పెట్టింది. గాజు నిండా సన్నటి గీతలు. ఈ పొడి చెంబులకు చాలా మంచిదమ్మా, పండ్లకు వద్దు అంది. ఎవరు చెప్పారు మీకు ఇది, అని అడిగింది.

సుబ్బలక్ష్మి భర్త వైపు చూడలేదు. "మా ఇంట్లో పొడి నేనే నూరతానమ్మా" అంది.

యజ్ఞనారాయణ నోటినిండా దూది. జీవితంలో పండ్ల గురించి ఎవరైనా మాట్లాడుతుంటే ఆయన అడ్డం రాకుండా విన్నది ఆ ఒక్కరోజే. బస్సులో ప్రొద్దుటూరు దాకా కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాడు. దిగాక, చాపాడుకు పోయే జనం బస్టాండులో తోసుకుంటుంటే ఆ గలాటాలో శాంత తల్లి చెవిలో అడిగింది.

"అంటే నావి మురికి గాదా?"

"గాదు."

"ఎప్పుడూ గాదా?"

"ఎప్పుడూ గాదు."

మరునాడు పొద్దున ఆయన మామూలుగానే పెరట్లోకి వచ్చాడు. చెంప ఇంకా కొంచెం వాచే ఉంది. సుబ్బలక్ష్మి అందించిన ఇటుక లేని పొడినే మామూలుగా పంచాడు. శాంతను తనే తోముకోమన్నాడు. తర్వాత ముఖం వెలుతురు వైపు తిప్పి, ఈ అనమన్నాడు. చాలాసేపు చూశాడు. "బాగుండాయి. పో, పోయి చల్దన్నం తిను" అన్నాడు. పిల్ల పోయింది. సుబ్బలక్ష్మి కొంగుతో నోరు తుడుచుకొని లోపలికి పోబోయింది.

"యాడికి పోతాండావు? నువ్వు గూడా ఈ అను."

ఆమె అంది. ఆయన ఆ గోధుమరంగు గీతల్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"మీ ఊరి నీళ్లు శానా గట్టివే" అన్నాడు.

క్షమించమనడం ఆయనకు చేతకాదు. ఆ మాటలో అదుందో లేదో సుబ్బలక్ష్మి ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ రోజుకు ఉందనే అనుకుంది. ఆ సాయంత్రం నూరుడు రోలు పక్కన ఇటుక కనపడలేదు. వెతికితే నీళ్ల బిందెలు పెట్టే బల్ల కింద, కుంటికాలికి ఎత్తుగా పెట్టి ఉంది. వీధిలోవాళ్లకు మాత్రం ఆయన వేరేగా చెప్పాడు. కొత్త రకం పొడి తయారుచేశానని, శానా ఆలోచించి ఇటుక తీసేశానని గోడ మీదుగా వనజమ్మకు చెబుతుంటే సుబ్బలక్ష్మి వంటింట్లో విని నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకోవడం మరిచిపోయింది.

శాంత చెయ్యి ఒక్కరోజులో దిగలేదు. పొద్దున పొద్దున తండ్రి వెలుతురులో నిలబెట్టి బాగుండాయి, బాగుండాయి అంటుంటే మెల్లమెల్లగా దిగింది. మురికి కోసం పెట్టిన తనిఖీ అలాగే సాగింది, మురికి మాట మాత్రం పోయింది. మళ్లీ వార్షికోత్సవానికి పాట శాంతదే.

ఆయన పండ్లు ఆగలేదు. అప్పటికే అరిగినవి అరిగాయి. పీకించుకోగా పీకించుకోగా, చివరికి కడపకు పోయి కట్టుడు పండ్లు పెట్టించుకున్నాడు. తెల్లటివి, ఒక్క గీత లేనివి. రోజూ రాత్రి తీసి గాజుగ్లాసులో వేసేవాడు. పొద్దున లేస్తూనే సుబ్బలక్ష్మి మెత్తటి గుడ్డతో రుద్ది, కడిగి, వెలుతురులో పట్టి చూసి ఆయన చేతికి ఇచ్చేది. ఇంట్లో ఈ అనమని చెప్పకుండానే ఈ అనేవి అవే. తాంబూలం మరక ఒక్కటి కనపడినా ఆయన ఒప్పుకునేవాడు కాదు. ఇంకోసారి కడుగు అనేవాడు.

ఒక ఆదివారం భోజనమయ్యాక తాంబూలం నములుతూ, సున్నం చాలలేదన్నాడు. ఆమె సున్నపుకాయ తెచ్చేసరికి ఆయన లేడు. గుండె ఆగిందన్నారు.

శవాన్ని లేపే ముందు ఒక చర్చ వచ్చింది. కట్టుడు పండ్లతో దహనం చెయ్యొచ్చునా? పుట్టుకతో వచ్చినవి కావు కాబట్టి కూడదన్నారు ఒకరు. ఊడిపోయిన వాటి స్థానంలో వచ్చాయి కాబట్టి ఉండొచ్చన్నారు ఇంకొకరు. బతికినన్నాళ్లూ పండ్ల గురించి ఆయన మాటే చెల్లింది. ఆరోజు ఆయన పండ్ల గురించే అందరూ మాట్లాడారు, ఆయన ఒక్కడూ ఏమీ అనలేదు. చివరికి జమ్మలమడుగు నుంచి వచ్చిన ఆయన చెల్లెలు సుశీల వాటిని తీసి గ్లాసులో వేసి గూట్లో పెట్టింది. ఊరికి పోయేటప్పుడు, "ఆ పండ్లు శుభ్రంగా కడిగి పెన్నలో వేసెయ్యి వదినా, కంటికెదురుగా పెట్టుకోవద్దు" అని చెప్పి పోయింది.

నిన్న శనివారం వనజమ్మ గిన్నె పట్టుకొని వచ్చి, అడగలేక అడగలేక అడిగింది. సుబ్బలక్ష్మి రోలు కడిగి కూర్చుంది. కచ్చిక, ఉప్పు, పటిక, లవంగాలు నూరి, రెండుసార్లు జల్లించి ఇచ్చింది. మిగిలింది కొబ్బరిచిప్పలో పోసుకుంది.

ఈ పొద్దు తోముకున్నాక చెంబు పట్టుకొని వెలుతురు వైపు తిరిగి నిలబడింది. శాంత లోపలికి పోతూ పోతూ ఆగి, వెనక్కి వచ్చింది. తండ్రి పట్టుకున్నట్టే తల్లి గడ్డం పట్టుకుంది.

"ఏదీ, ఈ అను."

సుబ్బలక్ష్మి అంది. సరిగా రాలేదు. బాగుండాయిలే అని శాంత జడ విసురుకుంటూ పోయింది.

తర్వాత సుబ్బలక్ష్మి పనిలో పడింది. బిందెలు తోమింది. బల్ల కింద ఇటుక మీది దుమ్ము తుడిచింది. ఆయన పంచెలు ఉతికి ఆరేసింది. అన్నీ అయ్యాక గూట్లోంచి గ్లాసు తీసింది. తెల్లటి పండ్ల మీద ఆ ఆదివారం తాంబూలం ఎర్రగా ఆరిపోయి ఉంది. ముందుపండ్ల సందుల్లో గీతలు గీతలుగా ఉంది. ఎత్తి వెలుతురులో పట్టి చూసింది. మెత్తటి గుడ్డ చేతిలోనే ఉంది, నీళ్లు పక్కనే ఉన్నాయి.

గ్లాసు బయటివైపు మాత్రం తుడిచి, పండ్లను కడగకుండా, ఎలా ఉన్నవి అలాగే గూట్లో పెట్టేసింది.